శిక్ష పూర్తయ్యాక ఏ చట్టం?

2022 ఫిబ్రవరిలో అనకాపల్లి పక్కన కోడూరులో పోలీసులు సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని గుట్టలు పోసి తగలబెట్టారు. అప్పటి డీజీపీ గౌతమ్ సవాంగ్ వచ్చి దగ్గరుండి అంటించారు. సరుకు విలువ కోట్లలో లెక్కగట్టి పత్రికలన్నీ మొదటి పేజీలో వేశాయి. ఆ సరుకు మోస్తూ దొరికినవాళ్ళ లెక్క మాత్రం ఎవరికీ వార్త కాలేదు. మాదకద్రవ్యాల చట్టంలో 20 కిలోలు దాటిన గంజాయి వాణిజ్య పరిమాణం. నేరం రుజువైతే పదేళ్ళకు తగ్గని కఠిన జైలు, లక్షకు తగ్గని జరిమానా. ఆ కాలంలో పట్టుబడి పదేళ్ళ శిక్షపడినవాళ్ళు 2031, 32 ప్రాంతాల్లో బయటికొస్తారు. నర్సీపట్నం, గొలుగొండ, రోలుగుంట, మాడుగుల వైపు కొందరు, పైన మన్యంలోకి కొందరు, తమిళనాడుకో మహారాష్ట్రకో మరికొందరు వెళ్తారు.

వాళ్ళు తిరిగొచ్చే నాటికి వాళ్ళ కోసం, వాళ్ళ ఇంటివాళ్ళ కోసం ఆంధ్రప్రదేశ్ దగ్గర ఏ చట్టం ఉందని వెతికితే కాగితాలు చాలానే దొరుకుతాయి. పోలీసు స్టాండింగ్ ఆర్డర్లు, జీవోలు, అటెస్టేషన్ ఫారాలు, తహసీల్దారు ఆఫీసులో బాండ్లు ఉంటాయి. శాసనసభ చర్చించి చేసిన చట్టాలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని కూడా ఉండవు. ఉన్న ఒకటి రెండూ మనిషిని కనిపెట్టి ఉండడానికి చేసినవే గాని నిలబెట్టడానికి చేసినవి కావు. ఈ సమీక్షలో నా వాదన అదే. జైళ్ళు రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్ర జాబితాలో, నాలుగో అంశంగా ఉన్నాయి కాబట్టి నెపం ఢిల్లీ మీదికి నెట్టడానికి లేదు.

కాగితానికీ చట్టానికీ తేడా ఏమిటో దేశానికి చెప్పిన కేసు మన విశాఖ జైలు నుంచే వెళ్ళింది. జైలు అప్పట్లో ఊరి నడిబొడ్డున ఉండేది. ఆ తర్వాత అడవివరానికి మారింది, పాత జాగాలో ఇప్పుడు పార్కు ఉంది. అందులో ఉన్న నక్సలైటు ఖైదీలు, ప్రహరీ మీద హైవోల్టేజీ కరెంటు తీగ పెట్టడాన్ని సవాలు చేస్తూ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1974లో వచ్చిన ఆ భువన్ మోహన్ పట్నాయక్ కేసు తీర్పులో ఖైదీలు గెలవలేదు. అయినా కోర్టు రెండు సంగతులు తేల్చి చెప్పింది. శిక్షపడినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ ఊడిపోవు. ఆ తీగకు ఆధారం శాఖాపరమైన ఆదేశాలేననీ, అలాంటి ఆదేశాలు రాజ్యాంగం అనే అర్థంలో చట్టం కావనీ కూడా చెప్పింది. ఈ రెండో మాట లోపలున్న ఖైదీ కంటే బయటికొచ్చిన మనిషికే ఎక్కువ పనికొస్తుంది. బయట అతన్ని పట్టి ఉంచేవన్నీ దాదాపుగా శాఖాపరమైన ఆదేశాలే.

వాటిలో పెద్దది షీటు. రౌడీషీటు, సస్పెక్టు షీటు, హిస్టరీ షీటు అని పేర్లు వేరు. స్టేషనులో ఒక ఫైలు తెరిచి మనిషి ఫొటో, గుర్తులు, స్నేహితులు, బంధువులు, తిరిగే చోట్లు రాసుకుంటారు. ఆదివారం పొద్దున స్టేషనుకు పిలిచి వరసగా నిలబెట్టి కౌన్సెలింగ్ ఇస్తారు. పెళ్ళయిందా, ఏం పని, ఎవరితో తిరుగుతున్నావు, ఈ మధ్య ఏ ఊరెళ్ళావు అని అడుగుతారు. రాత్రిపూట ఇంటికొచ్చి ఉన్నాడో లేడో చూసిపోతారు. తలుపు తీసేది భార్యో తల్లో. "డ్యూటీకెల్లాడు బాబూ" అంటే ఏ డ్యూటీ, ఏ కంపెనీ, సూపర్‌వైజరు నంబరెంత అని అడుగుతారు. ఆ నంబరు ఇచ్చారంటే మర్నాడు ఆ డ్యూటీ ఉంటుందన్న నమ్మకం లేదు. జైలుకెళ్ళింది ఒకడు, నిఘాలో ఉండేది కుటుంబమంతా.

దీనికి ఆధారం పోలీసు మాన్యువల్లోని 601, ఆ పక్క స్టాండింగ్ ఆర్డర్లు. 2022 జూలైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ డి.వి.ఎస్.ఎస్. సోమయాజులు ఈ ఆర్డర్లను గోప్యత హక్కు తీర్పు వెలుగులో పరిశీలించి, వీటికి చట్టబలం లేదన్నారు. చట్టం ఆధారం లేకుండా షీట్లు తెరవడం, కొనసాగించడం, ఇళ్ళకు వెళ్ళడం, స్టేషనుకు పిలిపించడం కుదరదన్నారు. వ్యవహారం అప్పీలుకు వెళ్ళింది. అప్పీలు సంగతి అలా ఉంచినా, ఆ తీర్పు ప్రభుత్వం ముందు ఒక దారి పెట్టింది. నిఘా తప్పనిసరి అనుకుంటే బిల్లు తెచ్చి, ఎవరి మీద, ఎన్నాళ్ళు, ఎవరి అనుమతితో, ఎలా మూసేస్తారో సభలో చెప్పి చట్టం చేసుకోవచ్చు. యాభై ఏళ్ళ కిందట తీగ విషయంలో సుప్రీంకోర్టు చెప్పింది కూడా అంతకు మించి ఏమీ కాదు.

షీటులో పిల్లల పేర్లు కూడా రాసే సంగతి 2024 మేలో కోర్టు ముందుకు వచ్చింది. ఢిల్లీకి చెందిన అమానతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు హిస్టరీ షీటులో మైనరు బంధువుల వివరాలు రాయడాన్ని తప్పుబట్టింది. షీటు పోలీసుల అంతర్గత పత్రమే తప్ప బయట పెట్టదగ్గది కాదంది. వెనుకబడిన వర్గాలు, విముక్త జాతుల వాళ్ళ పేర్లు యాంత్రికంగా ఎక్కుతున్నాయన్న ఆందోళనను ప్రస్తావించి, తమ తమ నిబంధనలు చూసుకోమని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. పదేళ్ళ పాప పేరు, చదివే బడి పేరు నాన్న షీటులో ఎందుకుండాలి అన్న ప్రశ్నకు స్టేషను రైటరు దగ్గర జవాబు ఉండదు. ఫారంలో గడి ఉంది కాబట్టి నింపుతాడు.

విముక్త జాతుల మాట వచ్చింది కాబట్టి ఈ షీటు పుట్టుక కూడా చూడాలి. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించింది. పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసి కులాలకు కులాలనే రిజిస్టరు చేశారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్టు పేరుతో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. 1952లో దేశవ్యాప్తంగా ఆ చట్టం పోయింది. దాని చోట్లోకి అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. మద్రాసు 1948లోనే ఒకటి చేసుకుంది, ఆంధ్రప్రదేశ్ 1962లో చేసింది. కొత్త చట్టం కులం పేరెత్తదు, పదేపదే శిక్షపడిన వ్యక్తి అంటుంది. పేరు రిజిస్టరు చేయడం, వేలిముద్రలు తీసుకోవడం, ఇల్లు మారితే చెప్పి వెళ్ళమనడం అలాగే ఉన్నాయి. శిక్ష ముగిసిన మనిషి గురించి మన రాష్ట్రం చేసిన అసలు సిసలు చట్టం ఏదని అడిగితే నేను ముందు దీన్నే చూపించాలి. అది నాకు సంతోషం కలిగించే జవాబు కాదు.

2024 అక్టోబరు 3న జైళ్ళలో కులవివక్ష మీద సుకన్య శాంత కేసులో తీర్పిస్తూ సుప్రీంకోర్టు పరిశీలించిన జైలు నిబంధనల్లో ఆంధ్రప్రదేశ్‌వి కూడా ఉన్నాయి. అలవాటు నేరస్థులన్న పేరుతో విముక్త జాతుల మీద పాత ముద్రే కొనసాగుతోందన్న సంగతి కోర్టు గట్టిగానే ఎత్తిచూపింది. స్టువర్టుపురంలో 1970లలో హేమలతా లవణం, లవణం దంపతులు చేసిన పని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. హేమలత కవి జాషువా కుమార్తె. ఆ కుటుంబాలతో కలిసి తిరిగి, చదువు, భూమి, పోలీసుల వేధింపులు అన్నిటి మీదా ఏళ్ళ తరబడి పనిచేశారు. ప్రభుత్వం చట్టంతో చేయనిది ఇద్దరు మనుషులు చట్టం లేకుండా చేసి చూపించారు. ఆ అనుభవాన్ని రాష్ట్రం ఒక్క సెక్షనుగా కూడా మార్చుకోలేదు.

విడుదల సంగతికి వద్దాం. జీవిత ఖైదీల ముందస్తు విడుదలకు గవర్నరుకు 161 అధికరణం కింద అధికారం ఉంది. ప్రభుత్వాలు ఆగస్టు 15కో జనవరి 26కో మార్గదర్శకాలతో జీవో ఇస్తాయి. 2020 నవంబరులో ఆంధ్రప్రదేశ్ 53 మంది మహిళా జీవిత ఖైదీల విడుదలకు ఉత్తర్వులిచ్చింది. బాండు రాయాలి, మిగిలిన కాలం అప్పుడప్పుడూ స్టేషనులో కనపడాలి అన్నవి షరతులు. మంచి పనే. తెలంగాణ 2024 జూలైలో 213 మందిని వదిలింది. అయితే జీవో దయ మీద నడిచేది, హక్కు మీద కాదు. ఏ ఏడు వస్తుందో, ఏ సెక్షన్లు పక్కన పెడతారో తెలియక లోపలివాళ్ళు, బయటివాళ్ళు పండగలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు. పలుకుబడి ఉన్నవాడికి ఈ దయ ఎలా దొరుకుతుందో కూడా మన రాష్ట్రం కేసే చెప్పింది. కర్నూలు జిల్లా కాంగ్రెసు నాయకుడు గౌరు వెంకటరెడ్డికి ఇచ్చిన శిక్ష తగ్గింపును 2006లో ఏపూరు సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. మంచి కాంగ్రెసు కార్యకర్త అన్న సంగతి కూడా నివేదికలకు ఎక్కిందని తప్పుబట్టింది.

అనకాపల్లి జిల్లా ఖైదీల్లో చాలామందికి ఈ జీవోలతో సంబంధమే లేదు. మాదకద్రవ్యాల చట్టం 32ఏ సెక్షను శిక్ష తగ్గింపుకు తలుపు మూసేసింది. 2000లో దాదూ కేసులో సుప్రీంకోర్టు అప్పీలు కోర్టు శిక్షను నిలుపు చేయవచ్చని కాస్త సందిచ్చింది గాని, ప్రభుత్వం చేసే తగ్గింపు మీద నిషేధాన్ని కదపలేదు. కాబట్టి తలమీద మూటతో కొండ దిగిన కూలీకీ, లారీ కట్టించిన వ్యాపారికీ పదేళ్ళంటే పదేళ్ళే. వ్యాపారి దొరకడం ఎంత అరుదో ఈ ప్రాంతంలో కోర్టు వరండాలో ఒక పూట నిలబడినవారికి చెప్పనక్కర్లేదు.

2023లో కేంద్రం పేద ఖైదీలకు సాయం అని ఒక పథకం తెచ్చింది. బెయిలు పూచీకత్తు కట్టలేని విచారణ ఖైదీకి 40 వేల దాకా, జరిమానా కట్టలేక లోపల ఉండిపోయిన శిక్షా ఖైదీకి 25 వేల దాకా ఇస్తామంది. బెయిలు సాయం నుంచి మాదకద్రవ్యాల కేసులను మినహాయించారు. జరిమానా సాయం 25 వేలు, ఆ కేసుల్లో జరిమానా కనీసం లక్ష. కట్టకపోతే ఆ మేరకు అదనంగా జైలు. అంటే పదేళ్ళు పూర్తయ్యాక కూడా గేటు తెరుచుకోవాలంటే ఇంటిదగ్గర ఎవరో లక్ష పోగు చెయ్యాలి, లేదా ఇంకొన్ని నెలలు వదులుకోవాలి. ఈ ఖాళీని రాష్ట్రం తన డబ్బుతో, తన నిబంధనతో పూడ్చవచ్చు, ఎవరూ అడ్డుపడరు.

పని దొరకడం అన్నిటికంటే కష్టం. అనకాపల్లి బెల్లం మార్కెట్టులో దిమ్మలు మోసే హమాలీని, చెరుకు నరికేవాణ్ణి, ఇటుక బట్టీలో కూలీని ఎవరూ సర్టిఫికెట్ అడగరు. ఏ స్థిరమైన జీతాల కోసం జిల్లా కుర్రాళ్ళు ఎదురుచూస్తారో, ఆ అచ్యుతాపురం, పరవాడ కంపెనీల్లో కాంట్రాక్టరు పోలీసు వెరిఫికేషన్ అడుగుతాడు. ప్రభుత్వోద్యోగమైతే అటెస్టేషన్ ఫారం. ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసు పెట్టారా, బైండోవర్ చేశారా, జరిమానా పడిందా, శిక్షపడిందా అని ఒకదాని కింద ఒకటి గడులుంటాయి. కేసు కొట్టేసినా మొదటి గడికి అవునని రాయాలి. దాచితే అదొక తప్పు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, చిన్న కేసా పెద్ద కేసా, ఉద్యోగం ఏ తరహాది అన్నవి చూసి నిర్ణయించాలని అధికారులకు చెప్పింది. విచక్షణ వాడమని చెప్పినా, వాడి తర్వాత మాట పడేకంటే తిరస్కరించి ఊరుకోవడమే క్షేమమని ఆఫీసులు అనుకుంటాయి. పాస్‌పోర్టు చట్టంలోనైనా ఒక గడువుంది. నైతిక పతనం కిందికి వచ్చే నేరంలో రెండేళ్ళకు తగ్గని శిక్షపడితే అయిదేళ్ళపాటు నిరాకరించవచ్చు, తర్వాత ఆ కారణం నిలవదు. గల్ఫుకు వెళ్ళడానికి గడువు ముగుస్తుంది గాని అచ్యుతాపురం వెళ్ళడానికి ముగియదు.

రాజకీయాల్లోనూ గడువులున్నాయి. పంచాయతీరాజ్ చట్టం 19వ సెక్షను కింద అలాంటి నేరంలో శిక్షపడినవాడు శిక్ష ముగిశాక అయిదేళ్ళు వార్డు మెంబరుగా కూడా నిలబడలేడు. ఎమ్మెల్యే అయితే ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం విడుదలయ్యాక ఆరేళ్ళు. ఆ తర్వాత నిలబడి మంత్రి కావచ్చు, అదే మనిషి అటెండరు ఉద్యోగానికి ఫారం నింపితే గడి అలాగే అడుగుతుంది.

నేరచరిత్రకు పూర్తిగా ముగింపు పలికే ఏర్పాట్లు మన చట్టాల్లో లేకపోలేదు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం 12వ సెక్షను, ప్రొబేషన్ మీద వదిలిన మనిషికి ఆ శిక్ష వల్ల వచ్చే అనర్హత ఏదీ అంటదని చెబుతుంది. బాలల న్యాయ చట్టం 24వ సెక్షను పిల్లలకు ఆ రక్షణే ఇచ్చి, రికార్డులు తీసేయమంటుంది. పదిహేనేళ్ళ కుర్రాడికి ఒప్పుకున్న న్యాయాన్ని పంతొమ్మిదేళ్ళ కుర్రాడికి పదేళ్ళ శిక్ష తర్వాతైనా ఎందుకు ఒప్పుకోకూడదు? బ్రిటన్ 1974లోనే ఒక చట్టం చేసి, కొన్నేళ్ళు మళ్ళీ నేరం లేకుండా గడిస్తే పాత శిక్ష కాలం చెల్లినట్టేననీ, మామూలు ఉద్యోగానికి దాన్ని చెప్పనక్కర్లేదనీ అంది. అమెరికాలో హవాయి రాష్ట్రం 1998లో దరఖాస్తు ఫారంలోంచి ఆ గడిని ముందు తీసేయించింది. నేర చరిత్ర అడగొద్దని కాదు, ఉద్యోగం ఇవ్వాలనుకున్నాక అడగమని. తర్వాత చాలా రాష్ట్రాలు ఆ దారి పట్టాయి.

ఇక కుటుంబం. మన న్యాయచరిత్రలో ఖైదీ కుటుంబానికి దొరికిన మేలు చాలా వరకు కోర్టులు ఇచ్చిందే, అందులో ఆంధ్రప్రదేశ్ పేరున్న కేసులు ముందున్నాయి. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో 2006లో సుప్రీంకోర్టు తల్లితో జైల్లో ఉండే పిల్లల గురించి వివరంగా ఆదేశాలిచ్చింది. ఆరేళ్ళ దాకా తల్లి దగ్గర ఉండవచ్చు, వీలైనంత వరకు కాన్పు బయటి ఆసుపత్రిలో జరగాలి, జనన ధ్రువపత్రంలో జైలని రాయకూడదు. కోయిలకుంట్ల సబ్‌జైలు మీద 1977లో బాంబులతో దాడి చేసి చల్లా చిన్నప్పరెడ్డిని చంపిన కేసులో, సార్వభౌమాధికారం పేరు చెప్పి తప్పించుకోబోయిన ప్రభుత్వాన్ని 2000లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, కుటుంబానికి పరిహారం కట్టమంది. ఆరేళ్ళు నిండి బయటికొచ్చిన బిడ్డ, పదేళ్ళు తండ్రి లేకుండా పెరిగే బిడ్డ ఎవరి లెక్కలోకి వస్తారు? ఢిల్లీ ప్రభుత్వం జైల్లో ఉన్నవాళ్ళ పిల్లల చదువు, పోషణ కోసం 2014లో ఒక పథకం పెట్టింది. ఆ పిల్లలకు చట్టంలోనే చోటు ఉండాలని నా అభిప్రాయం.

మన దగ్గర ఆలోచన అందుకు ఎదురు దిక్కుగా సాగింది. 2024 నవంబరులో గంజాయి అదుపు కోసం ఈగల్ అనే ప్రత్యేక విభాగం వచ్చింది. ఆ రోజుల్లోనే మంత్రుల ఉపసంఘం చర్చల నుంచి ఒక మాట బయటికొచ్చింది, గంజాయి పండించే, అమ్మే కుటుంబాలకు సంక్షేమ పథకాలు ఆపేయాలని. హోంమంత్రి వంగలపూడి అనిత మన జిల్లా పాయకరావుపేట ఎమ్మెల్యే. గంజాయి ఈ జిల్లా కుర్రాళ్ళను ఏం చేస్తోందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ కోపం అర్థమవుతుంది. సరుకుతో సంపాదించిన ఆస్తి జప్తు చెయ్యాలంటే మాదకద్రవ్యాల చట్టంలోనే బంధువుల పేరున ఉన్న ఆస్తుల దాకా వెళ్ళే అధ్యాయం ఉంది. దాన్ని వాడొచ్చు. అక్కడ అక్రమ సంపాదన అని చూపించాలి, నోటీసివ్వాలి, జవాబు వినాలి. పథకం ఆపడానికి అవేవీ అడ్డం రావు, కంప్యూటరులో ఒక టిక్కు చాలు.

పైగా ఆ పథకాలు ఎవరివి? జాతీయ ఆహార భద్రతా చట్టం 2013 ప్రకారం రేషను కార్డులో ఇంటిపెద్ద పద్దెనిమిదేళ్ళు దాటిన పెద్ద ఆడమనిషి. తల్లికి వందనం డబ్బు పడేది తల్లి ఖాతాలో, అదీ బిడ్డ బడికి వెళ్తున్నందుకు. మామగారి వృద్ధాప్య పింఛను మామగారిది. మొగుడు కేసులో ఇరుక్కున్న నాటి నుంచి ఆ ఇల్లు నడిచేది వీటిమీదే. ములాఖత్‌కు అడవివరం వెళ్ళిరావడానికి కావలసిన ఛార్జీలు, లోపల అతని క్యాంటీను ఖర్చుకు కట్టే డబ్బు, వకీలు ఫీజు అన్నీ అందులోంచే తియ్యాలి. నేరం చేసినవాడికి జైల్లో భోజనం పెట్టే బాధ్యత రాజ్యానిదే. అదే రాజ్యం, చెయ్యని వాళ్ళ బియ్యం ఆపుతానంటే ఆ మాటకు కోర్టులో ఏ సెక్షను చూపిస్తారు?

కేంద్ర హోంశాఖ 2023లో రాష్ట్రాలకు పంపిన మోడల్ ప్రిజన్స్ చట్టం ముసాయిదాలో విడుదల తర్వాతి సంరక్షణ, పునరావాసం మీద అంశాలున్నాయి. దాన్ని మక్కీకి మక్కీ దించుకోనక్కర్లేదు. సెలవు మీద బయటికెళ్ళే ఖైదీకి ఎలక్ట్రానిక్ పట్టీ కట్టే ఆలోచన కూడా అందులో ఉంది, దానిమీద నాకు అభ్యంతరం ఉంది. మన సభ తన బిల్లు తాను రాసుకుంటే నాలుగు సంగతులు ముందు తేల్చాలి. షీటు ఎన్నేళ్ళు ఉంటుంది, మూసేయమని అర్జీ ఎవరికి పెట్టుకోవాలి, తిరస్కరిస్తే ఎక్కడికి పోవాలి అన్నది మొదటిది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో, ప్రభుత్వ భూమిలో నడిచే సెజ్ కంపెనీల్లో పాత శిక్షను ఏ దశలో, ఎన్నేళ్ళ వెనక్కి అడగవచ్చన్నది రెండోది. జరిమానా కట్టలేని పేద ఖైదీకి రాష్ట్రం నిధి మూడోది. ఇంటిలో ఒకరి కేసు కారణంగా మిగతావారి రేషను, పింఛను, బడి సాయం ఆపకూడదన్న స్పష్టమైన వాక్యం నాలుగోది.

మొదటి దానిమీద పోలీసు శాఖ గట్టిగా అడ్డుపడుతుంది. ఎన్నికల నోటిఫికేషన్ రాగానే షీటు ఉన్నవాళ్ళందరినీ తహసీల్దారు ముందు పెట్టి లక్షకో రెండు లక్షలకో బైండోవర్ చేయించడం అలవాటైన పని. జాబితా రెడీగా ఉంటే సులువు. బిల్లు తెచ్చేవాళ్ళు ఆ జాబితా మీద ఎమ్మెల్యేలకు కూడా ఇష్టం ఉంటుందని మరిచిపోకూడదు. ఎదుటి పక్షం మనుషులు ఎన్నికల వారంలో ఊళ్ళో తిరగకుండా చేయడానికి అంతకంటే చవకైన సాధనం ఇంకొకటి లేదు. నాలుగో దానికి మాత్రం డబ్బు అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు, వచ్చే సమావేశాల్లోనే పెట్టేయవచ్చు. పాయకరావుపేట ఎమ్మెల్యే ప్రవేశపెడితే ఇంకా బాగుంటుంది.